ఆ దగ్గును కత్తిరించకండి

అమ్మో నాన్నో పోయిన తర్వాత బీరువా సర్దుతుంటే అడుగున ఓ డబ్బా బయటపడుతుంది. నాలుగైదు క్యాసెట్లు, మూత ఊడిన చిన్న రికార్డరు, తెర పగిలిన పాత ఫోను. అటక మీది టేప్‌రికార్డరు దించి, దుమ్ము దులిపి, వెంటనే ప్లే నొక్కాలని చెయ్యి ఉవ్విళ్లూరుతుంది. నొక్కకండి. ఏళ్ల తరబడి వాడని ప్లేయర్లో రబ్బరు బెల్టు సాగిపోయి ఉంటుంది, లేదా కరిగి జిగురైపోయి ఉంటుంది. మోటారు టేపును ముందుకు తోస్తూనే ఉంటుంది, చుట్టుకోవాల్సిన చక్రం మాత్రం తిరగదు. బయటికొచ్చిన టేపంతా లోపలి రోలరుకు చుట్టుకుంటుంది. అలా టేపు నమిలెయ్యడానికి అర నిమిషం చాలు.

ఇంకో తప్పు ఉంది, అది నింపాదిగా, ఎంతో ప్రేమగా చేసే తప్పు. టేపును కంప్యూటర్లోకి ఎక్కించాక హిస్ (టేపు సుయ్‌మనే శబ్దం) తీసేసి, దగ్గులూ ఖాళీలూ కత్తిరించి, మాటలు మాత్రం మిగిల్చి ‘నాన్న గొంతు’ అని ఎంపీ3 చేసి అందరికీ పంపేస్తారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ మనిషి ఎక్కువగా దొరికేది ఆ కత్తిరించిన చోటే. కింద చెప్పే ప్రతి పనీ ఒకే లెక్క మీద నడుస్తుంది: టేపు మీద ఏమి ఉందో అదంతా, ఉన్నది ఉన్నట్టు, మొదలు నుంచి చివరిదాకా రావాలి.

ముందు లెక్క తేల్చుకోండి. ప్రతి క్యాసెట్టుకూ ఒక నంబరు ఇచ్చి, రెండు వైపులూ, లోపలి కార్డూ ఫొటో తీయండి. చేతిరాతా, కొట్టివేతలూ, ఒక పేరు గీకేసి పైన ఇంకో పేరు రాసిన తీరూ అన్నీ సమాచారమే. ఫైలు పేరు తేదీతో మొదలుపెట్టకండి, ఎందుకంటే తేదీ చాలాసార్లు మీ ఊహే అవుతుంది. ‘03-ఎ’, ‘03-బి’ అని వస్తువు నంబరే పెట్టండి. తేదీ మీద మనసు మారినా పేరు మార్చక్కర్లేదు. క్యాసెట్టు పైఅంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులు ఉంటాయి. విరిగి ఉంటే దాని మీద మళ్లీ రికార్డు కాదు. విరగకుండా ఉంటే ఇప్పుడే విరిచెయ్యండి. పొరపాటున ఎర్ర బటన్ నొక్కినా గొంతు చెరగదు.

తర్వాత వెలుతురులో పట్టుకుని టేపును చూడండి. అంచుల మీద తెల్లటి బూజు కనిపిస్తే ఆ క్యాసెట్టు పక్కన పెట్టి, అనుభవం ఉన్నవాళ్లకే ఇవ్వండి. ఆడిస్తే బూజు హెడ్‌కు (ప్లేయర్లో టేపును చదివే భాగానికి) అంటుకుని తర్వాతి క్యాసెట్లకూ పాకుతుంది. బూజు లేకపోతే కింద తెరిచి ఉన్న అంచులో మధ్యనున్న మెత్త చూడండి. రాగి రంగు స్ప్రింగు మీద చిన్న చతురస్రంలా ఉంటుంది. టేపును హెడ్‌కు ఆనించి పట్టేది అదే. పాతబడితే జిగురు ఊడి మెత్త రాలిపోతుంది. అప్పుడు గొంతు దుప్పటి కప్పినట్టు మూగగా వస్తుంది. టేపు పాడైందని చాలామంది అక్కడే ఆశ వదిలేస్తారు. పనికిరాని ఇంకో క్యాసెట్టు పెంకులోకి ఆ రెండు చుట్టలూ మార్చితే సరిపోతుంది. అయిదు స్క్రూలున్న పెంకైతే సులువు. అతికించేసిన రకమైతే అంచు వెంట పల్చటి బ్లేడుతో పగలగొట్టాలి, దాన్ని మళ్లీ వాడలేం.

టేపు తెగినా కంగారుపడొద్దు. ఎక్కువగా తెగేది చుట్టకూ పారదర్శకంగా ఉండే మొదటి ముక్కకూ మధ్య, అంటే మాటలేవీ లేని చోట. రెండు కొసల్నీ ఏటవాలుగా కోసి, ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా ఆనించి, హెడ్‌కు తగలని వెనకవైపున క్యాసెట్ల కోసమే చేసిన అతుకు టేపు వేయండి. మామూలు సెల్లోటేపు వేస్తే దాని జిగురు వేడికి పక్కకు కారి పక్క పొరల్ని అంటిస్తుంది.

సీ-60, సీ-90, సీ-120 అన్న అంకెలు రెండు వైపులూ కలిపి నిమిషాలు. పెంకు అంతే ఉండాలి కాబట్టి నిమిషాలు పెరిగే కొద్దీ టేపు పల్చనవుతుంది. సీ-60 దాదాపు 18 మైక్రాన్లు, సీ-90 పన్నెండు, సీ-120 తొమ్మిది. సీ-120ని ఫాస్ట్ ఫార్వర్డ్‌లో పరిగెత్తించకండి. మిగతావాటిని ఆడించే ముందు ఒకసారి చివరిదాకా, మళ్లీ మొదటికీ తిప్పితే ఏళ్లుగా అంటుకున్న పొరలు విడిపడి బిగువు సమానమవుతుంది. చుట్ట మరీ బిగుసుకుని ఉంటే ముందు పెన్సిల్ పెట్టి చేత్తో నాలుగు చుట్లు తిప్పండి.

యంత్రం విషయంలో పిసినారితనం వద్దు. క్యాసెట్టును నేరుగా యూఎస్‌బీలోకి ఎక్కిస్తామనే బొమ్మలాంటి చౌక పెట్టెల్లో మోటారు నిలకడగా తిరగదు, గొంతు అలలాగా వణుకుతుంది. బెల్టులు మార్చిన పాత డెక్కు (క్యాసెట్లు ఆడించే పెద్ద ప్లేయరు) ఒకటి అరువైనా తెచ్చుకోండి. 90 శాతానికి పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో హెడ్‌నూ, రబ్బరు రోలరు పక్కన తిరిగే సన్నటి ఇనుప కడ్డీనీ తుడవాలి. రబ్బరు రోలరుకు ఆల్కహాల్ తడి ఎక్కువ తగలనివ్వకండి. ముందుగా పోయినా బాధలేని క్యాసెట్టు ఒకటి రెండు వైపులా పూర్తిగా ఆడించి చూడండి. నమలకపోతే అప్పుడు అసలుది పెట్టండి.

డెక్కు లైన్ అవుట్ నుంచి కంప్యూటర్ లైన్ ఇన్‌కు, వీలైతే ఒక చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (డెక్కు శబ్దాన్ని కంప్యూటర్‌కు అందించే పెట్టె) మీదుగా కలపండి. మైక్ రంధ్రంలో పెట్టకండి. అది బలహీనమైన సిగ్నలు కోసం చేసింది, గొంతు చీలిపోతుంది. కంప్యూటర్‌లో శబ్దాన్ని తనంతట తాను పెంచి తగ్గించే సెట్టింగులన్నీ తీసేయండి. సుయ్ శబ్దాన్ని తగ్గించే డాల్బీ స్విచ్చు ఆఫ్‌లో ఉండాలి. ఇంట్లో మాట్లాడుతూ రికార్డు చేసిన చిన్న పెట్టెల్లో అది ఉండేది కాదు, ఆన్ చేస్తే ఉన్న పై స్వరాలూ పోతాయి. ఆడాసిటీ లాంటి ఉచిత ప్రోగ్రాంలో 48,000 హెర్ట్జ్, 24 బిట్, స్టీరియో, వేవ్ ఫైలు పెట్టుకోండి. గంటకు దాదాపు 1 జీబీ అవుతుంది. గట్టిగా మాట్లాడిన చోట మీటరు మైనస్ 12కీ మైనస్ 6 డెసిబెల్స్‌కీ మధ్య ఆగితే చాలు. సున్నా తాకితే ఆ మాట చీలినట్టే, తర్వాత బాగుచేయలేం.

గొంతు ఒక్కటే కదా, స్టీరియో ఎందుకు? మోనో రికార్డరు టేపు మీద వేసిన వెడల్పాటి గీతను స్టీరియో డెక్కు రెండు సన్నటి గీతలుగా చదువుతుంది. టేపు అంచు నలిగి ఉంటే ఒక గీత దెబ్బతింటుంది, రెండోది బాగుంటుంది. రెండూ దాచుకుంటే తర్వాత మంచిది ఎంచుకోవచ్చు.

ఇక్కడ ఒక చిన్న స్క్రూ సంగతి. ఎవరూ చెప్పరు గానీ, సగం క్యాసెట్ల భవితవ్యం దాని చేతిలో ఉంది. డెక్కు హెడ్ పక్కన ఉండే ఆ స్క్రూ హెడ్ వాలును మారుస్తుంది. రికార్డు చేసిన పెట్టె హెడ్ ఏ వాలులో ఉందో మీ డెక్కు హెడ్ కూడా అదే వాలులో ఉంటేనే స, ష, చ లాంటి అక్షరాలు స్పష్టంగా పలుకుతాయి. రెండు చానెళ్లనూ కలిపి మోనోగా వింటూ, సన్నటి స్క్రూడ్రైవరుతో పావు చుట్టుకు మించకుండా అటూ ఇటూ తిప్పండి. గొంతు మీద తెర తొలిగినట్టు ఒక చోట ఠక్కున తెలుస్తుంది. ప్రతి క్యాసెట్టుకూ మళ్లీ సరిచూడాలి. తర్వాత కంప్యూటర్లో ట్రెబుల్ ఎంత పెంచినా ఈ పని జరగదు. చదవని స్వరాన్ని పెంచడమెలా?

రికార్డు మొదలుపెట్టాక చివరిదాకా ఆపకండి. మాటలు అయిపోయి పది నిమిషాలు సుయ్‌మని ఖాళీగా పోతున్నా సరే. పాత క్యాసెట్టు మీద కొత్తది చిన్నగా రికార్డు చేస్తే, కొత్తది ఆగిన చోట టక్కుమని పాతది సగం వాక్యంలోంచి మొదలవుతుంది. చెరపకుండా మిగిలిన ఆ తోక కొత్త రికార్డింగు కంటే ఏళ్ల ముందుది కావచ్చు. ‘బి’ వైపు మీద ఏమీ రాసి లేకపోయినా ఆడించాల్సిందే. ఏ పుట్టలో ఏ పాముందో ఎవరికి తెలుసు!

వింటున్నప్పుడు భయపెట్టే శబ్దాలు రెండు ఉన్నాయి. మాట మొదలయ్యే ముందు అదే మాట చాలా సన్నగా, ఎక్కడో దూరం నుంచి ముందే వినిపించడం ఒకటి. చుట్టలో పక్కపక్క పొరలు ఏళ్ల తరబడి ఆనుకుని ఉంటే ఒకదాని అయస్కాంత ముద్ర ఇంకోదాని మీద పడుతుంది. పల్చటి టేపులో ఇది మరీ ఎక్కువ. రెండోది, వెనకాల ఎవరో తిరగేసి మాట్లాడుతున్నట్టు గొణుగుడు. అది ‘బి’ వైపు మాటే. హెడ్ కాస్త కిందికో పైకో జరిగి అవతలి గీతను కూడా తాకుతోందన్నమాట. దయ్యాలేమీ లేవు, నిశ్చింతగా ఉండండి.

గొంతు ఎప్పటికంటే సన్నగా, గబగబా వినిపిస్తే మీ జ్ఞాపకం తప్పనుకోకండి. రికార్డు చేసేటప్పుడు బ్యాటరీలు డౌన్ అయి ఉంటాయి. టేపు నెమ్మదిగా నడిచినప్పుడు రికార్డయింది సరైన వేగంతో ఆడిస్తే గొంతు స్థాయి (పిచ్) పెరుగుతుంది. పైగా బ్యాటరీ దిగే కొద్దీ తేడా ఎక్కువవుతుంది కాబట్టి మొదట్లో బాగున్న గొంతు చివరికి చిన్నపిల్లల గొంతులా అయిపోతుంది. సరిచేయడానికి కొలబద్ద కావాలి. గదిలోని కరెంటు గుయ్‌మనే శబ్దం టేపులో పడి ఉంటే అది దేశాన్ని బట్టి 50 లేదా 60 హెర్ట్జ్ ఉండాలి. స్పెక్ట్రమ్‌లో (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దముందో చూపే పటంలో) చూస్తే 53 దగ్గర కనిపించిందనుకోండి, 50ని 53తో భాగిస్తే 0.943. అంటే వేగం 5.7 శాతం తగ్గించాలి. స్థాయీ వేగమూ కలిసి మారే ఎఫెక్టు వాడాలి, టెంపో ఒక్కదాన్నే మార్చేది కాదు. ఒక జాగ్రత్త: డెక్కు ఆపినా ఆ గుయ్ శబ్దం అలాగే ఉంటే అది మీ వైర్లది, టేపుది కాదు. దాంతో లెక్క కడితే మొదటికే మోసం. ఇదంతా కాపీ మీదే చేయండి.

చిన్న మైక్రోక్యాసెట్ల సంగతి వేరు. వాటికి సెకనుకు 2.4, 1.2 సెం.మీ. అని రెండు వేగాలు. ఉడతలా కిచకిచమంటే స్విచ్చు రెండో వైపు జరపండి, అంతే. అదే ఆకారంలో ఉండే మినీక్యాసెట్టు వేరే జాతి. ఒకదాని యంత్రంలో ఇంకోదాన్ని దూర్చకండి.

ఫోనుదైతే తొందర నిజంగా ఉంది. టేపు ఇంకో ఏడాది ఆగుతుంది, ఖాతాలు ఆగవు. 120 రోజులు వాడకపోతే వాట్సాప్ ఖాతా మామూలుగా తొలగిపోతుంది. రెండేళ్లు లాగిన్ కాని వ్యక్తిగత ఖాతాను గూగుల్ తీసేయవచ్చు, ఆ పద్ధతి 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. ఫోను కంపెనీ దగ్గరుండే వాయిస్‌మెయిల్, లైను మూసేస్తే, దాంతోపాటే పోతుంది. అందుకని నంబరు రద్దు చేయించే పని జాబితాలో చివర పెట్టుకోండి.

ఫోను బ్యాటరీ ఉబ్బి ఉంటే చార్జింగు పెట్టకండి. బాగుంటే ఆన్ చేసి వెంటనే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. తాళం అంకెలు ఊహిస్తూ వరసగా నొక్కకండి. కొన్ని ఫోన్లు ఇన్నిసార్లు తప్పితే మొత్తం చెరిపేసేలా పెట్టి ఉంటాయి. ఆండ్రాయిడ్ ఫోనైతే తీగతో కలిపి, వాట్సాప్ మీడియా ఫోల్డర్లో ‘వాయిస్ నోట్స్’ అన్న ఫోల్డరు మొత్తం కాపీ చేయండి. ఒక్కో ఫైలు పేరులో ఎనిమిదంకెల తేదీ ఉంటుంది, ఆ పేరు మార్చకండి. ఒక్కొక్కటే ఫార్వర్డ్ చేస్తూ దాచుకుంటే అవతల ఆ రోజు తేదీతో కొత్త పేరు పడుతుంది, అసలు తేదీ గల్లంతు. ఎవరికి పంపారో తెలియాలంటే ముఖ్యమైన సంభాషణల్ని మీడియాతో సహా ఎక్స్‌పోర్ట్ చేయాలి. మీడియాతో అయితే ఇటీవలి 10,000 సందేశాల దాకానే వస్తుంది. అమ్మ ఫోనులో చెరిపేసినవి పిన్ని ఫోనులో ఉండొచ్చు, కాబట్టి చుట్టాలందర్నీ ఇప్పుడే అడగండి.

ఫోను కాల్ రికార్డింగుల్లో నాన్న గొంతు డొల్లగా అనిపించడానికి కారణం ఉంది. పాత ఫోను లైన్లు దాదాపు 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకానే మోసేవి. మగవాళ్ల గొంతు మూల స్థాయి అంతకంటే కిందే, 85కీ 180కీ మధ్య ఉంటుంది. పై స్వరాల్ని బట్టి స్థాయిని మన చెవే పూరించుకుంటుంది గానీ ఛాతీలోంచి వచ్చే ఆ నిండుదనం రికార్డే కాలేదు. బాస్ పెంచితే అది రాదు, బరబర పెరుగుతుంది.

ఎక్కించడం అయిందా? అసలు ఫైళ్లు మూడు చోట్ల పెట్టండి: రెండు వేరువేరు రకాల పరికరాల మీద, ఒకటి వేరే ఇంట్లో. పెన్‌డ్రైవు డ్రాయరులో పడేసి ఏళ్ల తర్వాత తీస్తే ఖాళీగా కనిపించవచ్చు, దాన్నే నమ్ముకోకండి. కాపీ సరిగ్గా వచ్చిందో లేదో చెక్‌సమ్ (ఫైలులోని డేటాను బట్టి లెక్కగట్టే గుర్తు సంఖ్య, రెండు ఫైళ్లకూ ఒకటే రావాలి) చూసి తేల్చుకోండి. అసలు క్యాసెట్లు పారేయొద్దు.

ఇక వినడం. మొదటిసారి ఏమీ రాయకుండా వినండి, అరగంటకు మించకుండా. రెండోసారి కాగితం పెట్టుకోండి. మూడు గడులు చాలు: సమయం, ఏమి వినిపించింది, మీకేమనిపించింది. రెండో గడిలో మీ అభిప్రాయం రాకూడదు. ‘12:40, గొంతు సవరించుకుంది. 12:52, అది వద్దులే అంది. 13:05, రికార్డరు ఆపింది’ ఇలా ఉండాలి. ‘బాధపడింది’ అన్నది మూడో గడికి. నెల తర్వాత వింటే ఆ మూడో గడి చాలావరకు మారిపోతుంది, రెండోది మారదు.

మాటలన్నీ రాసిపెట్టాలంటే గంట రికార్డింగుకు నాలుగైదు గంటలు పడుతుంది. ఓపెన్‌ఏఐ 2022లో విడుదల చేసిన విస్పర్ లాంటి ప్రోగ్రాములు తెలుగూ రాస్తాయి. కానీ నిశ్శబ్దం ఉన్న చోట వాటికి తోచిన వాక్యాలు పుట్టిస్తాయి. అమ్మ అనని మాట అమ్మ నోట్లో పెడతాయన్నమాట. చిత్తుప్రతిగా వాడుకుని, ప్రతి పంక్తీ చెవితో సరిచూడండి.

పాత చిన్న రికార్డర్లలో శబ్దాన్ని తనంతట తాను సర్దుకునే ఏర్పాటు ఉండేది. మాట్లాడుతున్నప్పుడు పెట్టె చెవి మూసుకుంటుంది, మాట ఆగగానే తెరుచుకుంటుంది. అందుకే నాన్న ఆలోచిస్తూ ఆగిన మూడు సెకన్లలో గది మొత్తం పైకి తేలుతుంది: గడియారం, ఫ్యాను, పక్క గదిలో ఎవరో పిలవడం, వాన. ఆ రోజు ఇంట్లో ఎవరెవరున్నారో ఆ ఖాళీలే చెప్తాయి. సుయ్ శబ్దం తీసేసే నాయిస్ రిడక్షన్ ముందుగా మింగేది వాటినే. మాటలు అస్సలు అర్థం కాని చోట వాడాల్సివస్తే కాపీ మీద 6 నుంచి 12 డెసిబెల్స్ లోపు వాడండి. అంతకు మించితే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టుంటుంది.

తేదీ కట్టడానికి కూడా ఆ గదే సాయం. వెనకాల రేడియోలో వార్తలు, ‘ర’ పలకలేని పిల్లవాడి గొంతు, అప్పటికి బతికే ఉన్న తాతయ్య దగ్గు. క్యాసెట్టు మోడల్ వచ్చిన ఏడాదిని బట్టి ఫలానా ఏడాదికి ముందు కాదని మాత్రమే చెప్పగలం, ఎప్పుడో చెప్పలేం. కొన్న క్యాసెట్టు పదేళ్లు డ్రాయరులో ఉండొచ్చు.

మాటల్లో ముందుగా చూడాల్సింది ఏమి చెప్పారని కాదు, ఎవరితో చెప్తున్నారని. పిల్లల కోసం రికార్డు చేసిన నాన్నా, అక్కతో మాట్లాడిన నాన్నా ఒకరు కాదు. మన ముందు పుస్తక భాష మాట్లాడిన మనిషి తోబుట్టువుతో మాట్లాడుతుంటే చిన్ననాటి యాస మొత్తం వచ్చేస్తుంది. ‘మీరు’, ‘నువ్వు’ ఎక్కడ మారాయో రాసుకోండి. ‘అంటే’, ‘అదే’, ‘మరి’, ‘చూశావా’ వీటిలో ఏది ఊతపదమో లెక్కపెట్టండి, మీ నోట్లోంచీ అదే వస్తుందేమో చూసుకోండి. చాలా ఇళ్లలో మొదటి టేపు మొదట్లో ‘హలో, హలో’ అన్నాక వెనక్కి తిప్పి విని, ‘ఇది నా గొంతేనా?’ అని ఆశ్చర్యపోవడం దొరుకుతుంది. మన గొంతు మనకు ఎముకల్లోంచి కూడా వినిపిస్తుంది, టేపుకు గాలి ఒక్కటే దారి. ఆ ప్రశ్న అడిగిన మనిషి ఇంకా ఎవరికోసమూ మాట్లాడటం మొదలుపెట్టలేదు. అందుకే ఆ నాలుగు సెకన్లూ బంగారం.

వినకూడనిదీ ఉంటుంది. ఎవరి అప్పో, ఎవరి జబ్బో, బతికున్న మనిషి మీద కోపమో. అసలు ఫైలు ముట్టుకోకండి. పంచే కాపీలో ఆ ముక్క తీసేసి, అక్కడ ఎన్ని సెకన్లు తీశారో రాసిపెట్టండి. గొంతును నకలు చేసి కొత్త మాటలు పలికించే సాధనాల మీద నా అభిప్రాయం సూటిగా చెప్తాను: వాడదలిస్తే మీ ఇష్టం, ఆ ఫైళ్లు మాత్రం ఈ ఫోల్డర్లో ఉండకూడదు. ఇరవై ఏళ్ల తర్వాత వినే మనవరాలికి ఏది అసలో తెలియదు.

చివరి పని, తెలిసినవాళ్లకు వినిపించడం. మొత్తం టేపు వద్దు, రెండు నిమిషాల ముక్క చాలు. పెద్దమ్మ దగ్గరో, నాన్న స్నేహితుడి దగ్గరో కూర్చుని, ఆ ముక్క ఆడించి, వాళ్లు చెప్పేది మీ ఫోనులో రికార్డు చేయండి, ముందే అడిగి. ‘గుర్తుందా?’ అని అడిగితే ‘ఆఁ’ అంటారు, అక్కడితో సరి. ‘వెనకాల పిలుస్తున్నది ఎవరు?’, ‘ఇది ఏ గది?’ అని అడగండి. మొదట్లో తేదీ, గదిలో ఎవరెవరున్నారో పైకి చెప్పండి. వాళ్లు ‘ఇంకేముంది, అంతే’ అన్నాక వెంటనే ఆపేయకుండా, ఫోను బల్ల మీద అలాగే ఇంకో రెండు నిమిషాలు ఉండనివ్వండి.